రేకు పెట్టె ఓడ: నీటి సాంద్రత, స్థిరత్వ లెక్కల ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ మొదటి వారం: పెట్టె

600 మిల్లీమీటర్ల పొడవు, 200 మిల్లీమీటర్ల వెడల్పు, 120 మిల్లీమీటర్ల లోతు గల జీఐ రేకు పెట్టె ఈ ప్రాజెక్టుకు ఓడ. మర్చంట్ నేవీలో డెక్ క్యాడెట్‌గా చేరిన మా మేనల్లుడు సెలవు మీద హన్మకొండకు వచ్చి పరీక్షకు చదువుకుంటున్నాడు. అతని పుస్తకంలోని స్థిరత్వ లెక్కలు భౌతికశాస్త్రం చెప్పే నాకు కొత్తవి కావు గాని, వాటిని చేతితో కొలిచి చూసే అవకాశం ఇంతవరకు రాలేదు. తేల్చుకోవలసిన సంగతులు మూడు. మంచినీటిలోంచి ఉప్పునీటిలోకి వెళ్లిన ఓడ ఎంత పైకి తేలుతుంది? ఆ మార్పుతో దాని స్థిరత్వం, అంటే ఒరిగినా తిరిగి నిలబడే గుణం, పెరుగుతుందా, తగ్గుతుందా? ఓడ లోపల కదిలే నీరు ఆ స్థిరత్వంలో ఎంత భాగాన్ని తినేస్తుంది?

నిజమైన ఓడ నమూనాకు బదులు పెట్టెను ఎంచుకున్నది లెక్క సులువు కావడం కోసమే. గోడలు నిలువుగా ఉంటే నీటి మట్టం దగ్గర పెట్టె అడ్డుకోత వైశాల్యం ఏ లోతులోనైనా ఒకటే, ఇక్కడ 1,200 చదరపు సెంటీమీటర్లు. వంపులున్న ఓడకైతే ఈ వైశాల్యం ప్రతి లోతుకూ మారుతుంది కనుక, ఓడ కట్టినవారు ఇచ్చే హైడ్రోస్టాటిక్ పట్టికలు చూడక తప్పదు.

వరంగల్ చౌరస్తా దగ్గర కూలర్ల రేకు పనిచేసే మేస్త్రీకి గీసిన కాగితం ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, కూలర్ టబ్బుకు ఇంత కొలత ఎవ్వలడగరు" అన్నాడు గాని, మూలలు మాత్రం మూలమట్టం పెట్టి చూసినట్టు సరిగ్గా మడిచి, లోపలి వైపు మాటు వేసి ఇచ్చాడు. ఖాళీ పెట్టె 1,540 గ్రాములు తూగింది. దాని మీద చెక్క అర, దారం వేలాడదీయడానికి ఒక కర్ర, కిరాణా దుకాణాల్లో వాడే తూకం రాళ్లు చేర్చి మొత్తం బరువును సరిగ్గా 6 కిలోలకు తెచ్చాను. రాళ్లను అడుగున కాకుండా అర మీదనే పెట్టడానికి కారణముంది. గురుత్వ కేంద్రం మరీ కిందికి ఉంటే పెట్టె మొండిగా నిలబడి, కొలవదగినంత ఒరగదు.

ఇక్కడ ఒక మాట. ఇనుము తేలడమేమిటని అడిగిన మా ఇంటి పిల్లలకు పాలంపేట రామప్ప గుడి ఇటుకలను గుర్తు చేశాను. పదమూడో శతాబ్దంలో కట్టిన ఆ గుడి శిఖరంలోని ఇటుకలు సన్నని రంధ్రాల వల్ల నీటికన్నా తక్కువ సాంద్రతతో ఉండి నీటి మీద తేలుతాయి. ఇటుకలో ఆ గాలి పదార్థంలోనే చిక్కుకుని ఉంటుంది, పెట్టెలో రేకు గోడల మధ్య ఉంటుంది. తేలడానికి లెక్కలోకి వచ్చేది మొత్తం బరువు, మొత్తం ఘనపరిమాణమే.

ఏప్రిల్ రెండో వారం: నీరు

నీళ్ల తొట్టిలో సుమారు 90 లీటర్లు పట్టాయి. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు దాదాపు 1,000 గ్రాములు తూగుతుంది గాని, 30 డిగ్రీలకు చేరేసరికి అది 995.7 గ్రాములకు దిగుతుంది. మన ఎండాకాలంలో నీడన పెట్టిన తొట్టిలోని నీరు కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి, మంచినీటి సాంద్రతను 1.000గా కాకుండా 0.996గా తీసుకున్నాను. బోరు నీటిలో లవణాలు ఎక్కువ కదా అని తొలుత ఆలోచించినా, లీటరుకు ఒక గ్రాము కరిగి ఉన్నా సాంద్రత పెరిగేది వెయ్యిలో ఒక వంతుకు లోపే. ఉష్ణోగ్రత వల్ల వచ్చే తేడా అంతకు ఎన్నో రెట్లు పెద్దది.

ఉప్పునీటి సాంద్రతను కొలవడానికి పరికరం కావాలి. ఓడల మీద ఇందుకు ప్రత్యేకమైన హైడ్రోమీటరు ఉంటుంది. బ్యాటరీ దుకాణంలో దొరికే హైడ్రోమీటరు ఆమ్లం కోసం చేసినది, దాని కొలబద్ద 1.100 దగ్గర మొదలవుతుంది కనుక పనికిరాదు. పని జరిగింది పాల కేంద్రాల్లో వాడే లాక్టోమీటరుతో. దాని మీద 25 అని చదివితే 1.025 అని అర్థం, సముద్రపు నీటికి ఓడ లెక్కల్లో వాడే ప్రామాణిక సాంద్రత కూడా సరిగ్గా అదే. పాలలో నీళ్లు కలిపారేమోనని పట్టుకోవడానికి చేసిన గాజు గొట్టం సముద్రపు నీటిని కొలవడానికి ఇంత చక్కగా సరిపోవడం నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ సంతోషాన్నిచ్చిన సంగతి. అయితే లాక్టోమీటరు దాని మీద ముద్రించిన ఉష్ణోగ్రత దగ్గర మాత్రమే నిజం చెబుతుంది. అందుకని ప్రయోగశాలలోని సాంద్రత సీసాతో అదే నీటిని మరోసారి తూచి చూశాను.

దొడ్డుప్పును కొద్దికొద్దిగా వేస్తూ, కర్రతో అడుగునుంచి కలుపుతూ పోయాను. కలపకుండా వదిలితే బరువైన నీరు అడుగున చేరి, పైన తేలే లాక్టోమీటరు తక్కువ చూపిస్తుంది. లాక్టోమీటరు 25 దగ్గర నిలిచేసరికి నాలుగు కిలోలకు కొంచెం తక్కువ ఉప్పు పట్టింది, అంటే లీటరుకు 40 గ్రాములకు కాస్త పైన. సముద్రపు నీటిలో సగటున కిలోకు 35 గ్రాముల లవణాలే ఉంటాయి. మా తొట్టికి ఎక్కువ పట్టడానికి ముఖ్య కారణం నీటి వేడిమి. సీసా లెక్క కూడా మూడో దశాంశం వరకు 1.025 అనే చెప్పింది.

ఆ తర్వాతి ఆదివారం: డ్రాఫ్ట్ కొలత

నీటి మట్టం నుంచి ఓడ అడుగు వరకు ఉన్న లోతును డ్రాఫ్ట్ అంటారు. తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని తొలగిస్తుంది కనుక, 6,000 గ్రాములను సాంద్రతతోను, 1,200 చదరపు సెంటీమీటర్లతోను భాగిస్తే డ్రాఫ్ట్ వస్తుంది. మంచినీటిలో 5.02 సెంటీమీటర్లు, ఉప్పునీటిలో 4.88 సెంటీమీటర్లు. తేడా 1.4 మిల్లీమీటర్లు మాత్రమే.

ఈ 1.4 మిల్లీమీటర్లను పెట్టె పక్కన గీసిన గీతల మీద చదవడం కుదరని పని. రేకును తాకిన చోట నీరు అంచుగా పైకి పాకుతుంది, ఆ పాకుడు ఎత్తే కొలవవలసిన తేడాకన్నా ఎక్కువ ఉంటుంది. అందువల్ల గీతలను పక్కన పెట్టి, పెట్టె నాలుగు మూలలా బయటికి చిన్న రేకు చెవులు అతికించి, వాటికి కుట్టుసూదులను మొన కిందికి వచ్చేలా బిగించాను. మంచినీటిలో, 6 కిలోల బరువు మీద, నాలుగు మొనలూ నీటిని అప్పుడే తాకేలా వాటిని సరిచేశాను. సూది దిగుతున్నకొద్దీ నీటిలో దాని ప్రతిబింబం పైకి లేచి వస్తుంది. రెండు మొనలూ కలిసిన చోట నీటిపొర సన్నగా గుంట పడకముందే ఆపాలి. పక్కనుంచి టార్చి వేసి, కన్ను నీటి మట్టానికి దించి చూస్తే పదో వంతు మిల్లీమీటరు తేడా కూడా తెలుస్తుంది. నాలుగు సూదులూ ఒకేసారి తాకాయంటే పెట్టె పక్కకు గాని, ముందు వెనకలకు గాని ఒరగలేదని కూడా రుజువైనట్టే.

ఇప్పుడు అదే పెట్టెను ఉప్పునీటిలో వదిలితే సూదులు గాలిలో నిలుస్తాయి. అవి మళ్లీ నీటిని తాకేదాకా బరువు చేర్చుకుంటూ పోవడమే పద్ధతి. పొడవును కొలవడానికి బదులు బరువును కొలుస్తున్నాం, వంటింటి డిజిటల్ కాటా ఒక గ్రాము వరకు చెబుతుంది. లెక్క ప్రకారం పట్టవలసింది 175 గ్రాములు. 173 గ్రాముల దగ్గర సూదులు తాకాయి. వెనక్కి లెక్కిస్తే నీటి సాంద్రత 1.0247. అంటే లాక్టోమీటరు చెప్పినదే పెట్టె కూడా చెప్పింది, ఎందుకంటే సూత్రం రెండింటికీ ఒకటే.

నీటి తలతన్యత వల్ల వచ్చే లాగుడు సంగతి కూడా చూశాను. పెట్టె చుట్టుకొలత 1.6 మీటర్లు, నీటి తలతన్యత మీటరుకు సుమారు 0.07 న్యూటన్లు కనుక ఎక్కువలో ఎక్కువ 11 గ్రాముల బరువంత ఉంటుంది. రెండు నీళ్లలోనూ దాదాపు ఒకటే కాబట్టి పోలికలో అది కొట్టుకుపోతుంది.

మే మొదటి వారం: ఆ 4 ఎక్కడిది

మేనల్లుడి పుస్తకంలో మంచినీటి సవరణకు ఒక సూత్రం ఉంది. ఓడ తొలగించే నీటి బరువును టన్నుల్లో తీసుకుని, టీపీసీకి నాలుగు రెట్లతో భాగిస్తే, సముద్రంలోంచి మంచినీటిలోకి వచ్చిన ఓడ ఎన్ని మిల్లీమీటర్లు దిగుతుందో వస్తుంది. టీపీసీ అంటే ఓడ ఒక సెంటీమీటరు దిగడానికి పట్టే టన్నులు. సూత్రం అతనికి కంఠస్థమే గాని, 4 ఎక్కడినుంచి వచ్చిందో తరగతిలో చెప్పినట్టు లేదు. చూస్తే దాని వెనక ఉన్నది 25 మాత్రమే. ఒక టన్ను నీరు మంచినీరైతే ఒక ఘనమీటరు, సముద్రపు నీరైతే ఒక ఘనమీటరును 1.025తో భాగించినంత. బరువు మారకుండా నీరు మారితే అదనంగా తొలగవలసిన ఘనపరిమాణం బరువులో 0.025ను 1.025తో భాగించిన వంతు. దీన్ని నీటి మట్టం దగ్గరి వైశాల్యంతో భాగించాలి. ఆ వైశాల్యాన్ని టీపీసీలో రాస్తే, టీపీసీకి వంద రెట్లను 1.025తో భాగించినంత. రెండు 1.025లూ కొట్టుకుపోయి, 0.025ను 100తో భాగించినది మిగులుతుంది, అంటే 4,000లో ఒక వంతు, అదీ మీటర్లలో. మిల్లీమీటర్లలోకి మారిస్తే 4లో ఒక వంతు, సూత్రంలోని 4 అదే.

మా పెట్టెకు ఈ సూత్రం 1.22 మిల్లీమీటర్లు ఇచ్చింది. మిగిలిన 0.2 మిల్లీమీటరు నీరు 1.000 కాక 0.996 కావడం వల్ల వచ్చినదే. రేవు నీటి సాంద్రత మంచినీటికీ సముద్రానికీ మధ్య ఉన్నప్పుడు, 1,025లోంచి ఆ సాంద్రతను (లీటరుకు గ్రాముల్లో) తీసివేసి, 25తో భాగించి, మంచినీటి సవరణతో గుణిస్తారు. మా తొట్టికి ఇదే వర్తింపజేస్తే 29ను 25తో భాగించి 1.22తో గుణించగా మళ్లీ 1.4 వచ్చింది.

పెద్ద ఓడకు ఈ తేడా డబ్బు మాట. 20,000 టన్నుల ఓడ, టీపీసీ 25 అనుకుంటే మంచినీటి సవరణ 200 మిల్లీమీటర్లు. నది ముఖం దగ్గరి రేవులో నీటి సాంద్రత 1.010 ఉంటే సవరణ 120 మిల్లీమీటర్లు. అంటే రేవులో ఓడ తన వేసవి గీత (వేసవిలో సముద్రంలో ఎంతవరకు మునగవచ్చో చూపే, ఓడ పక్కన గీసిన హద్దు) కంటే 12 సెంటీమీటర్లు దిగినా, సముద్రంలోకి వెళ్లాక గీత మీదకే తేలుతుంది, ఆ మేరకు సరుకు చట్టబద్ధంగా ఎక్కించుకోవచ్చు. మేనల్లుడు 12ను 25తో గుణించి 300 టన్నులన్నాడు. టీపీసీ సముద్రపు నీటికి ఇచ్చినది, ఆ రేవు నీటిలో అది 24.6కు దిగుతుంది కనుక సరైన జవాబు 296కు దగ్గర. పరీక్షలో 300కు మార్కులు వేస్తారేమో గాని, తూకం దగ్గర నాలుగు టన్నులు నాలుగు టన్నులే.

ఓడ పక్కన ఉండే ఈ గీతలను బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ ప్లిమ్సాల్ పట్టుబట్టగా 1876 చట్టం తప్పనిసరి చేసింది. ఇప్పుడు అమల్లో ఉన్న అంతర్జాతీయ ఒప్పందం 1966 నాటిది. ఉష్ణమండల మంచినీరు, మంచినీరు, ఉష్ణమండలం, వేసవి, చలికాలం అని వేరువేరు గీతలుండటంలో ఒక భాగం నీటి సాంద్రత లెక్క, మరో భాగం ఆ సముద్రంలో ఆ కాలంలో లేచే అలల లెక్క.

మే రెండో వారం: ఒరుగు పరీక్ష

ఓడ కొద్దిగా ఒరిగినప్పుడు, నీరు పైకి నెట్టే బలం వెళ్లే నిలువు గీత ఓడ మధ్యగీతను ఖండించే బిందువే మెటాసెంటర్. ఫ్రెంచి శాస్త్రవేత్త పియేర్ బుగేర్ 1746లో దీన్ని వివరించాడు. అడుగు నుంచి ఆ బిందువు ఎత్తును కేఎం అంటారు. అందులోంచి గురుత్వ కేంద్రం ఎత్తును తీసివేస్తే మిగిలేది జీఎం. అది ధనాత్మకంగా ఉన్నంతవరకు ఒరిగిన ఓడ తిరిగి నిలబడుతుంది. పెట్టెకు కేఎం అంటే డ్రాఫ్ట్‌లో సగానికి, వెడల్పు వర్గాన్ని డ్రాఫ్ట్‌కు 12 రెట్లతో భాగించినదాన్ని కలపడమే. మా పెట్టెకు మంచినీటిలో 9.15 సెంటీమీటర్లు, ఉప్పునీటిలో 9.27.

గురుత్వ కేంద్రం ఎత్తు లెక్కతో కాకుండా పరీక్షతో తేల్చాలి. 40 సెంటీమీటర్ల దారానికి ఇత్తడి నట్టు కట్టి కర్రకు వేలాడదీశాను. అది ఊగుతూనే ఉంటే చదవలేం కనుక నట్టును పల్లి నూనె పోసిన చిన్న గిన్నెలో మునిగేలా ఉంచాను, ఓడల మీద కూడా లోలకాన్ని ఇలాగే నూనె తొట్టిలోనో నీటి తొట్టిలోనో ఉంచుతారు. 100 గ్రాముల రాయిని మధ్యనుంచి 8 సెంటీమీటర్లు కుడికి జరిపితే దారం 17 మిల్లీమీటర్లు జరిగింది, ఎడమకు జరిపినా అంతే. రాయి బరువును జరిపిన దూరంతో గుణించి, మొత్తం బరువుతోను ఒరుగు వాలుతోను (దారం జరిగిన దూరాన్ని దారం పొడవుతో భాగించినది) భాగిస్తే జీఎం 3.14 సెంటీమీటర్లు. కేఎంలోంచి తీసివేస్తే గురుత్వ కేంద్రం అడుగుకు 6.01 సెంటీమీటర్ల ఎత్తున ఉంది.

ఇలాంటి పరీక్షకు పాత రూపం ఒకటి స్వీడన్‌లో జరిగింది. వాసా అనే యుద్ధనౌక డెక్కు మీద ముప్పై మంది ఒక వైపునుంచి మరోవైపుకు పరుగెత్తగా ఓడ ప్రమాదకరంగా ఊగింది, పరీక్షను మధ్యలో ఆపేశారు. 1628 ఆగస్టు 10న తొలి ప్రయాణంలోనే అది స్టాక్‌హోమ్ రేవులో మునిగిపోయింది.

ఉప్పునీటిలో కేఎం పెరిగింది కనుక స్థిరత్వం పెరిగిందనాలి. జీఎం 3.14 నుంచి 3.26కు, అంటే సుమారు 4 శాతం. 100 గ్రాములతో ఈ తేడా కంటికి ఆనదు, 200 గ్రాములు జరిపినప్పుడు దారం మంచినీటిలో కంటే సుమారు ఒక మిల్లీమీటరు తక్కువ జరిగింది. అయితే ఉప్పునీటిలో ఓడ ఎప్పుడూ మరింత స్థిరంగా ఉంటుందని దీన్నిబట్టి తేల్చేయకూడదు. డ్రాఫ్ట్ పెరిగేకొద్దీ కేఎం మొదట తగ్గి, ఒక చోట అడుగు ముట్టి, మళ్లీ పెరుగుతుంది. పెట్టెకు ఆ చోటు వెడల్పును 6 వర్గమూలంతో భాగించిన డ్రాఫ్ట్ దగ్గర, అంటే 8.16 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. అందుకని అడుగున మరో 4 కిలోలు పెట్టి 10 కిలోలు చేశాను. మంచినీటిలో డ్రాఫ్ట్ 8.37, ఉప్పునీటిలో 8.13, రెండింటిలోనూ కేఎం 8.17. రాయి జరిపితే దారం రెండు నీళ్లలోనూ ఒకే గీత దగ్గర ఆగింది. ఇంకా లోతుగా మునిగే పెట్టెకైతే ఉప్పునీటిలో కేఎం తగ్గుతుంది కూడా. బయటి నీటి సాంద్రత సరుకు లెక్కను ఎంత కచ్చితంగా మారుస్తుందో, స్థిరత్వాన్ని అంత తక్కువగా, అదీ ఓడను బట్టి ఇటో అటో మారుస్తుంది.

మే మూడో వారం: లోపలి నీరు

30 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు గల పళ్లాన్ని అర మీద పెట్టి, అందులో 2 సెంటీమీటర్ల ఎత్తుకు సరిపోయే నీటిని ముందుగా చిన్న పాలిథిన్ కవర్లలో కట్టి పేర్చాను. ఆ మేరకు రాళ్లు తీసి, మొత్తం మళ్లీ 6 కిలోలు చేశాను. 50 గ్రాములు 8 సెంటీమీటర్లు జరిపితే దారం 8.5 మిల్లీమీటర్లు జరిగింది. తర్వాత అవే కవర్లను ఆ పళ్లెంలోనే కోసి నీటిని వదిలాను. నీరు అదే, బరువు అదే, ఎత్తు కూడా దాదాపు అదే. 50 గ్రాములకే దారం 36 మిల్లీమీటర్లు జరిగింది.

దీని లెక్క పళ్లెం పొడవును వెడల్పు ఘనంతో గుణించి, 12తో భాగించి, లోపలి నీటి సాంద్రతతో గుణించి, ఓడ బరువుతో భాగించడం. 2.42 సెంటీమీటర్లు వచ్చింది. గురుత్వ కేంద్రం అంత ఎత్తుకు లేచినట్టే లెక్క కనుక జీఎం 3.14 నుంచి 0.72కు పడిపోయింది. దారం 37 మిల్లీమీటర్లు జరగాలని లెక్క చెప్పింది. ఒరుగు ఎక్కువైనప్పుడు నిలువు గోడల వల్ల పెట్టె కొద్దిగా గట్టిపడుతుంది కనుక ఆ ఒక మిల్లీమీటరు తక్కువ రావడం సహజం.

మేనల్లుడు దీన్ని చూసి, "మామ, మా షిప్పుల బ్యాలస్ట్ ట్యాంకు నిండుగనన్న ఉండాలె, ఖాళీగనన్న ఉండాలె. సగం ఉంచనియ్యరు" అన్నాడు. బ్యాలస్ట్ ట్యాంకు అంటే ఓడ నిలకడ కోసం నీరు నింపే తొట్టి. 1987 మార్చి 6న జీబ్రూగ్ రేవు దాటగానే హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ ఒరిగిపోయి 193 మంది చనిపోయిన ప్రమాదంలో కూడా, తెరిచి ఉన్న ముందు తలుపుల గుండా నీరు చేరినది అడ్డుగోడలు లేని వాహనాల డెక్కు మీదకే.

పళ్లెం మధ్యలో పొడవు వెంట ఒక రేకు పలక నిలబెట్టి అంచులకు మైనం పూశాను. వెడల్పు సగమైతే ఘనం ఎనిమిదో వంతు, గదులు రెండు కాబట్టి నష్టం నాలుగో వంతు, 0.6 సెంటీమీటరు. దారం 10.5 దగ్గర ఆగింది. అదే పలకను అడ్డంగా, పళ్లెం పొడవును రెండుగా కోసేలా నిలబెడితే దారం తిరిగి 36కే వెళ్లింది. గదులు రెండైనా వెడల్పు తగ్గలేదు కనుక లెక్కలో మారేదేమీ లేదు.

పలక తీసేసి, పళ్లెంలో మంచినీటికి బదులు 1.025 ఉప్పునీటిని పోసి, పెట్టెను మంచినీటిలోనే తేల్చడం తర్వాతి పని. అప్పుడు నష్టం 2.42 నుంచి 2.49కు పెరిగి జీఎం 0.65 అవుతుంది. మారింది ఒక మిల్లీమీటరులోపే అయినా, మిగిలిన జీఎం అంత చిన్నది కావడం వల్ల దారం లెక్క 37 నుంచి 41కి వెళ్లాలి. సాంద్రతలో ఆ మూడు శాతం తేడాను ఈసారి సూదులు లేకుండానే చదవగలగాలి.